చంద్రుడి మీద కూత

మొన్న భూపాలపల్లికి వెళ్ళి వచ్చాను. మా పెద్దబాపు బిడ్డ సుశీల అక్కడే పంతులమ్మగా పనిచేసి, అక్కడే రిటైరై, అక్కడే ఇల్లు కట్టుకుంది. నాకంటే ఏడాది చిన్నది. మోకాలికి ఆపరేషన్ అయిందంటే చూడడానికి పోయాను. నేను బత్తాయిలు తీసుకుపోతే, ఆమె నా చేతిలో ఒక పుస్తకం పెట్టింది. పిల్లల కోసం రాసిన సైన్సు కథ. అట్ట మీద గాజు టోపీ పెట్టుకున్న ఒక ఆడపిల్ల, చంద్రుడి నేల మీద గీసిన గీత దగ్గర, ఒక కాలు ముందుకు పెట్టి చెడుగుడు కూతకు సిద్ధంగా ఉంది. కింద సుశీల పేరు. జనగామకు తిరిగి వస్తూ బస్సులో పరకాల దాటకముందే చదివేశాను. ఆ రాత్రి డైరీలో బస్సు ఆలస్యం గురించి రాశాను, మోకాలి కుట్ల గురించి రాశాను, హన్మకొండ బస్టాండులో తాగిన చాయ్ గురించి కూడా రాశాను. పుస్తకం బాగుందని మాత్రం రాయలేదు. బడి రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. ఖజానా కార్యాలయంలో ఉద్యోగం చేసినంత కాలం ఒక్క రోజు కూడా ఖాళీ పేజీ వదల్లేదు. ఇన్నేళ్ళలో నా రాత ఒక్క ముక్క అచ్చు కాలేదు. అది నాకెప్పుడూ లోటనిపించలేదు, ఆ బస్సు ఎక్కేదాకా.

ఆ కథ పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అది పుట్టింది స్టేషన్ ఘన్‌పూర్‌లో, మా తాత దుకాణం వెనక గోదాములో. ఇంటి ముందు భాగం కిరాణా దుకాణం, వెనక గోదాము, రెంటి నడుమ మేము. అందుకే మా ఇంటికి సొంత వాసన అంటూ ఉండేది కాదు. బెల్లం బస్తాలు దిగిన వారం ఇల్లంతా బెల్లం వాసన. మిరపకాయ వచ్చిన వారం అందరికీ దగ్గు. అవ్వ వండిన పప్పులో కూడా గోనెసంచి వాసన వస్తున్నదని మా బాపు అనేవాడు. పొద్దున్నే తాత దుకాణం పలకలు ఒక్కొక్కటే తీసి వరుస తప్పకుండా గోడకు ఆనించేవాడు. జఫర్‌గఢ్ వైపు నుంచి వచ్చే బండ్లవాళ్ళు ఆ పలకల చప్పుడు విని ఎద్దులను విప్పేవాళ్ళు. మేం గడియారం చూసేవాళ్ళం కాదు. రైలు పోతే స్నానాలు, ఇంకో రైలు పోతే భోజనాలు. రైలు ఆలస్యమైన రోజు అవ్వ పొయ్యి మీది గిన్నె దించకుండా స్టేషను వైపు చెవి పెట్టి కూర్చునేది.

సాయంత్రం దీపం పెట్టాక నాకొక కొలువు ఉండేది. తాతకు పత్రిక చదివి వినిపించడం. ఆయనకు చదువు వచ్చు కాని, చిన్న అక్షరాలు ఆనేవి కావు. నేను మొదటి పేజీ పైమూల నుంచి ఆఖరి పేజీ కింద ప్రకటన దాకా ఒక్క ముక్క వదలకుండా చదివేవాణ్ణి. తాత నా వీపు మీద అరచెయ్యి పెట్టుకుని వినేవాడు. నచ్చిన చోట ఆ చెయ్యి కొంచెం బరువయ్యేది. “మళ్ళొక్కసారి చదువు” అనేవాడు. ఇంట్లో మనవలం చాలామందిమి ఉన్నాం. ఆ చెయ్యి మాత్రం నా ఒక్కడి వీపు మీదే ఉండేది.

తొలిసారి తెలంగాణ కావాలని ఊళ్ళన్నీ లేచిన ఏడు అది. బడులు మూతపడ్డాయి. మొదట పండగలా ఉంది, తరువాత పొద్దు గడవడం కష్టమైంది. బంద్ రోజుల్లో తాత పలకలన్నీ వేసి, చివరి ఒక్కటి మాత్రం సగం జరిపి ఉంచేవాడు. పాలకు చక్కెర కావాలని వచ్చే తల్లులు ఆ సందులోంచి చెయ్యి చాచేవాళ్ళు. వరంగల్‌లో డిగ్రీ చదువుతున్న మా చిన్నాయిన స్నేహితులతో కలిసి జనగామ స్టేషనులో పట్టాల మీద కూర్చున్నాడు. పోలీసులు వాళ్ళను ఎత్తుకుపోయి వరంగల్ జైల్లో పెట్టారు. ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలియదు. ఆ తరువాత ఒక సాయంత్రం నేను పత్రిక విప్పి, కాల్పులు జరిగిన ఊరి పేరు చదువుతుంటే తాత చెయ్యి నా వీపు మీద నుంచి తీసేశాడు. “చాలు బిడ్డా. మడత పెట్టు” అన్నాడు. మర్నాడు పత్రిక తెస్తే అసలు చూడనే లేదు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి లేచిపోయేవాడు.

ఆ రోజుల్లోనే సుశీల మానుకోట నుంచి ఒక రేకు పెట్టెతో దిగింది. అక్కడా బడులు లేవు. గొడవలు తగ్గేదాకా తాత దగ్గర ఉండనీ అని పెద్దబాపు పంపాడు. వచ్చిన రోజే గోదాము వెనక ఖాళీ జాగాకు వచ్చి నిలబడింది. అక్కడ మా పోరగాళ్ళం చెడుగుడు ఆడేవాళ్ళం. సరిగ్గా చెప్పాలంటే వాళ్ళు ఆడేవాళ్ళు, నేను ఆడించేవాణ్ణి. నా ఊపిరి తొందరగా తెగేది, అందుకని నాది ఎప్పుడూ అంపైర్ పని. సున్నంతో గీతలు తీర్చి గీసేవాణ్ణి. కూత తెగిందా లేదా అన్నదానికి నా చెవులు చెప్పిందే తీర్పు.

“నేను గూడ ఆడుత” అన్నది సుశీల.

“ఆడిపిల్లలు ఆడరు.”

“అని ఏడ రాసున్నది?”

“ఎక్కడన్న రాసుండనీ, ఈ భూమ్మీద ఆడరు” అన్నాను.

ఆమె వెళ్ళి పల్లికాయ బస్తాల మీద ఎక్కి కూర్చుంది. రేడియోలో అప్పుడు అంతా చంద్రుడి ముచ్చటే. మనుషులు అక్కడ దిగారని చెపితే అవ్వ నమ్మలేదు కాని, మిగతా ఊరంతా రాత్రయితే మెడలు పైకెత్తి చూసేది. “మంచిది. అయితె భూమ్మీద కాకుంట ఆడుత” అని, ఆడుతున్న పిల్లలకు వినపడేటట్టు కథ మొదలుపెట్టింది. చంద్రుడి మీద చెడుగుడు పోటీలు. అన్ని లోకాల నుంచి జట్లు వస్తాయి. భూమి జట్టులో దంతాలపల్లి పిల్ల మల్లమ్మ ఉంటుంది. బక్కది, పరుగు రాదు, పట్టు రాదు. కాని ముసురు పట్టిన రోజుల్లో తడి కట్టెలతో పొయ్యి అంటించడానికి ఊదుగొట్టం పట్టి ఊదీ ఊదీ ఆమెకు ఎవరికీ లేనంత ఊపిరి వచ్చింది. ఆట ఆగింది. ఒక్కొక్కడే వచ్చి బస్తాల చుట్టూ చేరాడు. చివరికి గీతల నడుమ నేనొక్కణ్ణే మిగిలాను, చేతిలో సున్నం డబ్బాతో.

మరునాటి నుంచి అదే వరస. సాయంత్రం అయ్యేసరికి గోదాములో పిల్లలు. ఆమెకు కథ కట్టడం చాలా తేలిక, అదే నాకు మండేది. ఏదీ రాసుకునేది కాదు, ఏదీ ఆలోచించి పెట్టుకునేది కాదు. ఎదురుగా ఎవడన్నా తుమ్మితే ఆ తుమ్ము కూడా కథలోకి పోయేది. భూమి నుంచి పోయిన పెద్ద జట్టులో మనవాళ్ళను ఎప్పుడూ ఆడనివ్వరు, నీళ్ళ బిందెలు మోయిస్తారు, “మీ కూత మాకు సమజ్ కాదు” అని నవ్వుతారు అని ఒకరోజు చెప్పింది. పిల్లలు ఊరుకుంటారా?

“మన జట్టు మనకు వేరే ఉండాలె!” అని లేచారు.

“అట్లనే అడిగిండ్రు మరి. చంద్రుడి మీదున్న పెద్ద ఆఫీసరు, ఒక్క భూమికి రెండు జట్లెందుకు అన్నడు.”

“మల్లమ్మేమన్నది?”

“బిందె దించి, మా కూత మేం కూస్తం, మా ఆట మేం ఆడుతం అన్నది.”

గోదాము దద్దరిల్లింది. ఆ కేకలకు తాత వచ్చాడు, తలుపు దగ్గర నిలబడి విన్నాడు. మర్నాడు స్టూలు తెప్పించుకుని కూర్చున్నాడు. ఆ మర్నాడు పిల్లల కంటే ముందే వచ్చి, “ఏదే సుశీలా, ఏమైందే మల్లమ్మకు?” అన్నాడు. ఆయన చెయ్యి సుశీల వీపు మీద ఉంది. ఆ రోజు డైరీలో నేను ఒకే ఒక్క వాక్యం రాశాను: ‘వాన లేదు.’

నేనూ ఒక కథ కట్టాను. అంగారకుడి మీద పరుగు పందెం. బడి పుస్తకం తెరిచి, అక్కడి బరువులు, దూరాలు, చలి అన్నీ పట్టిక వేసుకున్నాను. ఎవడు ఎంత వేగంతో పరిగెత్తుతాడో గుణించి, గెలిచేవాణ్ణి ముందే తేల్చి, తప్పు లేకుండా చెప్పాను. పిల్లలు కాసేపు మర్యాదగా కూర్చున్నారు. “ఎవడు గెలిచిండో చెప్పరాదే అన్నా, పోతం” అన్నాడు ఒకడు. తాత కునుకు తీస్తున్నాడు. సుశీల ఒక్కతే ఆసక్తిగా వింటున్నది. అది నాకు ఇంకా కష్టంగా తోచింది.

అప్పుడు నాకొక ఆయుధం దొరికింది. అంపైర్‌ను కదా, కూత సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? నిండు సభలో లేచి అడిగాను.

“చంద్రుడి మీద గాలి లేదు. గాలి లేకపోతె చప్పుడు వినరాదు. మల్లమ్మ కూత కూస్తున్నదా, మధ్యల ఊపిరి తీసుకున్నదా, అంపైర్‌కు ఎట్ల తెలుస్తది? కూత లేకపోతె చెడుగుడే లేదు. నీ పోటీలన్ని ఉత్తయే.”

పిల్లలు సుశీల వైపు చూశారు. నిజంగానే ఆమె ముఖం చిన్నబోయింది. నేను ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన క్షణం అది. అది ఎంతోసేపు నిలవలేదు. తాతకు ఒక అలవాటు ఉండేది. ఏదన్నా ఎటూ తేలకపోతే కళ్ళజోడు తీసి, అద్దాల మీద ‘హా’ అని ఊది, ధోవతి అంచుతో తుడిచేవాడు. అప్పుడూ అదే చేస్తున్నాడు. సుశీల బస్తాల మీద నుంచి దూకి ఆయన చేతిలోని జోడు లాక్కుంది. అద్దాన్ని పెదవుల దగ్గర పెట్టుకుని, “చెడుగుడు చెడుగుడు చెడుగుడు” అని ఆపకుండా కూసింది. అద్దం తెల్లగా ఆవిరి పట్టింది. కూత ఆపి ఊపిరి లోపలికి పీల్చింది. అంచుల నుంచి ఆవిరి విడిపోయింది.

“వాళ్ళకు గాజు టోపీలుంటయి గద? అంపైర్ చెవుల తోని ఇనడు, కండ్ల తోని చూస్తడు. గాజు మీద ఆవిరి ఉన్నంత సేపు కూత ఉన్నట్టు. ఆవిరి పోయిందో, మల్లమ్మ ఔట్.”

పిల్లలు గోలగోలగా తమ తమ ఇళ్ళకు అద్దాల కోసం పరుగెత్తారు. తాత జోడు మళ్ళీ పెట్టుకుని, తుడవకుండానే ఆ ఆవిరిలోంచి ఆమెను చూస్తూ, “గీ పిల్ల తల్కాయల ఏమున్నదిరా!” అన్నాడు. నేను ఆ కళ్ళజోడును రోజూ చూశాను. పుట్టిన దగ్గర నుంచి రోజూ చూశాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

చివరి పోటీకి వచ్చేసరికి సుశీలకు జ్వరం తగిలింది. కథలో అప్పటికే వేరుపడిన మన జట్టులో అందరూ ఔటైపోయి మల్లమ్మ ఒక్కతే మిగిలి ఉంది; చంద్రలోకం జట్టులో ఏడుగురికి ఏడుగురూ ఉన్నారు. కథ అక్కడ ఆగింది. దవాఖాన నుంచి తెచ్చిన మందు తాగి ఆమె లోపలి గదిలో పడుకుంది. అదే రోజు వరంగల్ పోయి వచ్చిన బాపు, చిన్నాయినను చూడనివ్వలేదని చెప్పాడు. తాత కంచం ముందుకు కూడా రాలేదు. చీకటి పడే వేళ గోదాములోకి వచ్చి ఖాళీ బస్తాల వైపు చూస్తూ కూర్చున్నాడు. తరువాత నన్ను పిలిచాడు.

“నీకు ఎరుకే గద ఆ ముచ్చట. జర నువ్వు చెప్పు బిడ్డా.”

ఇన్నాళ్ళకు పిలుపు వచ్చింది. ఆయన పక్కన చేరి కూర్చున్నాను. సుశీల ఆపిన చోటు నుంచి ఎత్తుకున్నాను, చివరిదాకా నేనే కట్టాను. మల్లమ్మ కూతకు పోయింది. ఏడుగురూ ఒక్కసారే మీదపడి పట్టుకున్నారు, కాళ్ళు ఇద్దరు, నడుము ఇద్దరు, చేతులు ముగ్గురు. కాని చంద్రుడి మీద బరువు ఆరో వంతే. ఏడుగురూ కలిసినా ఇక్కడి ఒక మనిషికి కొంచెం పైన. దంతాలపల్లిలో నీళ్ళ కావడి మోసిన పిల్లకు అదొక లెక్కా? మానుకోట స్టేషనులో బొగ్గింజను డబ్బాలను లాక్కుపోయినట్టు, ఏడుగురినీ వరసగా గుంజుకుంటూ వచ్చి గీత ముట్టింది. గాజు మీద ఆవిరి అట్లనే ఉంది. ఏడుగురూ ఔట్. ఆ ఆరో వంతు లెక్కను తాతకు తూకం రాళ్ళతో సహా విడమరిచి చెప్పాను.

తాత శ్రద్ధగా విన్నాడు. నవ్వలేదు. తరువాత అడిగాడు.

“గిది సుశీల చెప్పిందేనా?”

“కాదు తాతా. నేనే కట్టిన.”

“అట్లయితె ఆట ఇంక అయిపోలేదు బిడ్డా. పిల్లకు జెరం తగ్గనీ” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. లేచి వెళ్ళి పడుకున్నాడు.

జ్వరం తగ్గి సుశీల గోడ పట్టుకుని లేచిన రోజు మొదట నా దగ్గరికే వచ్చింది. “తాతకు ఏడిదాక చెప్పినవన్నా?” అని అడిగింది. చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. “ఏడుగురిని గుంజుకొచ్చిందా! అబ్బ, ఎంత మంచిగున్నదే! నాకు తట్టనే లేదు. గట్లనే ఉంచుకుందం.” ఆ మెప్పు నాకు తీయగానే ఉంది, ఆ సాయంత్రం దాకా.

ఆ సాయంత్రం గోదాములో అడుగు పెట్టడానికి జాగా లేదు. సుశీల నా మాటలే చెప్పింది. ఆరో వంతు కూడా చెప్పింది, కావడి కూడా చెప్పింది. ఇంజను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏడుగురు పిల్లలను లేపి ఒకరి నడుము ఒకరిని పట్టుకోమన్నది. వాళ్ళ ముందు తను నిలబడి, జ్వరం తగ్గిన ఆ పీలగొంతుతో చెడుగుడు కూస్తూ, బస్తాల నడుమ నుంచి లాక్కుపోయింది. మలుపు దగ్గర వెనక డబ్బా పట్టు తప్పి, బెల్లం ముద్దల మీద పడ్డాడు. “ఓ స్టేషన్ మాస్టర్, వెనక డబ్బా ఊడింది!” అని అరిచింది. తాత నవ్వాడు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా, దగ్గు తెర వచ్చేదాకా నవ్వాడు. చిన్నాయినను పట్టుకుపోయిన తరువాత ఆయన నవ్వడం అదే మొదలు. వంటింటి గుమ్మంలో నిలబడిన అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పూట తాత కంచంలో మారు అన్నం పెట్టించుకున్నాడు. ఇంట్లో అందరి ప్రాణం కుదుటపడింది. నాది తప్ప.

చెయ్యి కడుక్కుని వస్తూ తాత నా దగ్గర ఆగాడు. “చూసినవారా, చెప్పుడంటె గట్ల చెప్పాలె” అన్నాడు.

సుశీల నోరు తెరిచింది. ఆమె ఏం చెప్పబోతున్నదో నాకు తెలిసింది. ఆమె ఇచ్చేది తీసుకోవడం నాకు ఇష్టం లేదు. “ఔ తాతా. మంచిగ చెప్పింది” అన్నాను ముందే.

చిన్నాయిన కొన్నాళ్ళకు విడుదలై, గడ్డంతో వచ్చాడు. బడులు తెరిచారు. సుశీల రేకు పెట్టెతో మానుకోట రైలెక్కింది. తాత మళ్ళీ పత్రిక చదవమన్నాడు, చెయ్యి మళ్ళీ నా వీపు మీదికి వచ్చింది. కాని నేను చదువుతుంటే మధ్యమధ్య స్టేషను వైపు చూసేవాడు.

ఆనాటికి ఏవి జరగవనుకున్నామో అవన్నీ ఒక్కొక్కటే జరిగాయి. మన రాష్ట్రం మనకు వచ్చింది. ఆ రాత్రి జనగామ చౌరస్తాలో పటాకుల పొగలో నిలబడి, ఇది చూడకుండా పోయిన చిన్నాయిన కోసం ఏడ్చాను. చంద్రుడి మీద మన దేశపు బండి దిగింది. ఆడపిల్లలు మెరిసే బట్టలు వేసుకుని, దీపాల కింద, మెత్తటి చాపల మీద కబడ్డీ ఆడుతుంటే టీవీలో లోకమంతా చూస్తున్నది. ఇప్పుడు కూతను ఎవరూ చెవి పెట్టి వినడం లేదు, పక్కనే గడియారం తిరుగుతుంటుంది. మా మనవరాలికి కథ కావాలంటే ఫోను ఉంది; అందులో వేల గొంతులున్నాయి. గోదాములు ఊరి బయటికి పోయాయి. పిల్లలు ఎక్కి కూర్చోవడానికి ఇంట్లో బస్తాలు లేవు, బియ్యం కూడా చిన్న సంచుల్లో వస్తున్నాయి. నేను ఇప్పుడు తాత వయసుకు వచ్చాను. వయసు పెరిగితే చిన్ననాటి మంటలు తగ్గుతాయని అంటారు. తగ్గలేదు. కీళ్ళ నొప్పులతో పాటు అదీ ఉంది.

భూపాలపల్లి నుంచి వచ్చిన వారానికి మనవరాలు ఆ పుస్తకం చూసి, చదివి వినిపించమని అడిగింది. పక్కన కూర్చోబెట్టుకుని, కామాలు, చుక్కలు తప్పకుండా చదివాను. కూత వచ్చింది, ఆవిరి వచ్చింది, ఏడుగురు వరసగా వచ్చారు. ఆ పేజీ దగ్గర కొంచెం గొంతు పెంచాను కూడా. పిల్ల బొమ్మలే చూస్తున్నది. అయిపోయాక అడిగింది.

“ఇది రాసింది ఎవరు తాతా?”

“భూపాలపల్లి సుశీల అవ్వ.”

“ఆమెను పిలువరాదు? ఆమె తోని చెప్పించుకుంట.”

మర్నాడు పొద్దున సుశీలకు ఫోను చేశాను. మోకాలు ఎట్లా ఉందని అడిగాను. మెట్లు ఎక్కుతున్నదట. ఇక్కడ మా మనవరాలు నిన్ను రమ్మంటున్నది, జనగామకు వచ్చి నాలుగు రోజులు ఉండిపో అన్నాను.

“కథకా?” అని నవ్వింది. “గింత దూరం నేనెందుకే? నీకు మొత్తం ఎరుకే గద. నువ్వే చెప్పరాదా అన్నా!”

“చెప్పిన” అన్నాను. “నేను చెప్తె నవ్వుతలేదు.”